పేక కలిపిన చేయి ఎవరిది?

మన పార్లమెంటు తొందరపడి పని ముగించిన సందర్భాలు అరుదు. అందుచేతనే 2025 ఆగస్టు మూడవ వారం రాజధానిలో చాలామందికి గుర్తుండిపోయినది. 20వ తేదీన ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఆన్‌లైన్ ఆటల బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టారు. బీహారు ఓటర్ల జాబితా వ్యవహారంపై ప్రతిపక్షాలు నినాదాలు చేస్తూండగా, చర్చ అన్నది లేకుండానే ఆనాడే అది ఆమోదం పొందినది. మరునాడు రాజ్యసభ, ఆ మరునాడు రాష్ట్రపతి సంతకం. డబ్బు పణంగా పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆట ఏదైనా సరే, అది నైపుణ్యమైనా అదృష్టమైనా, నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసేవారికి రెండేళ్లు, యాభై లక్షలు. ఆడి నష్టపోయినవానిని మాత్రం నేరస్థునిగా చూడలేదు. అంతవరకు విజ్ఞతే.

అయితే ఈ మూడు రోజుల వేగాన్ని మెచ్చుకునే ముందు, దాని వెనుక ఉన్న అయిదేళ్ల నిదానాన్ని కూడా లెక్క వేయవలసి ఉన్నది. ఆ లెక్క పుదుచ్చేరి నుంచి మొదలవుతుంది.

2020 అక్టోబరులో పుదుచ్చేరి పట్టణానికి ఆనుకుని ఉన్న విల్లియనూరు ప్రాంతంలో ఒక గృహస్థు ఆన్‌లైన్ రమ్మీలో సుమారు ముప్పై లక్షల రూపాయలు పోగొట్టుకుని ప్రాణం తీసుకున్నట్లు పత్రికలలో వచ్చినది. ఆ వార్త ఆ చిన్న పట్టణాన్ని కలచివేసినది. నాటి ముఖ్యమంత్రి నారాయణస్వామి ఇటువంటి ఆటలను నిషేధించవలసినదని కేంద్రాన్ని కోరారు. సరిగ్గా అంతకు ముందు నెలలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి జూద చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించినది. తెలంగాణ ఆ పని 2017లోనే చేసి ఉన్నది. తమిళనాడు ఆ దారిలోనే బయలుదేరి, కోర్టులో ఒకసారి దెబ్బ తిని, గవర్నరు బిల్లును తిప్పి పంపగా మళ్లీ ఆమోదించి, ఎట్టకేలకు 2023 ఏప్రిల్‌లో చట్టం తెచ్చుకున్నది.

ఈ వ్యవహారంలో ఢిల్లీ ఏళ్ల తరబడి ఇస్తూ వచ్చిన జవాబు ఒక్కటే: పందేలు, జూదం రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలోని 34వ అంశం, కనుక రాష్ట్రాలే చూసుకోవలెను. ఈ జవాబు హైదరాబాదుకు చెల్లుతుంది, చెన్నైకి చెల్లుతుంది. పుదుచ్చేరికి చెల్లదు. రాజ్యాంగం 246వ అధికరణం నాలుగవ క్లాజు ప్రకారం రాష్ట్రంలో చేరని భూభాగానికి పార్లమెంటు ఏ విషయంపైనైనా చట్టం చేయవచ్చును, అది రాష్ట్రాల జాబితాలో ఉన్నా సరే. అంటే 2025లో చేసిన పనిని, కనీసం పుదుచ్చేరి మేరకు, 2020లోనే చేయడానికి ఢిల్లీకి ఏ అడ్డూ లేదు. 1963 నాటి కేంద్రపాలిత ప్రాంతాల చట్టం కింద పుదుచ్చేరి శాసనసభకూ ఆ అధికారం ఉన్నది. రెండు తాళంచెవులు ఉన్న తలుపును ఎవరూ తెరవలేదు. ఆ రోజులలో ముఖ్యమంత్రికీ రాజ్‌నివాస్‌కూ మధ్య నడిచిన తగవులు పాఠకులకు గుర్తుండే ఉంటవి. ఉచిత బియ్యం మొదలు శిరస్త్రాణాల వరకు అన్నిటిపైనా అక్కడ వివాదమే. ఫోను లోపల నడిచే పేకాట ఆ సందడిలో ఎవరికి వినపడుతుంది?

పుదుచ్చేరి భూగోళం కూడా వింతైనది. అక్కడ ఒక వీధి కేంద్రపాలిత ప్రాంతం, పక్క వీధి తమిళనాడు. టెలిఫోను శాఖ లెక్కలో పుదుచ్చేరి తమిళనాడు సర్కిలులోనిది, మన యానాం ఆంధ్ర సర్కిలులోనిది, మాహే కేరళది. నిషేధం ఉన్న రాష్ట్రాలలో ఆట తెరుచుకోకుండా ఫోను ఉన్న చోటును బట్టి అడ్డు పెడతామని సంస్థలు చెప్పినవి. ఫోనుకు దొంగ చిరునామా చెప్పే ఉపాయం కాలేజీ కుర్రవాళ్లందరికీ తెలుసును. అదీ రానివాడు సరిహద్దు దాటితే చాలు.

సరిహద్దు దాటడం గోదావరి జిల్లాల వారికి కొత్త విద్య కాదు. 1929లో శారదా చట్టం వచ్చినప్పుడు బాల్యవివాహాలు చేయదలచినవారు బళ్లు కట్టుకుని ఫ్రెంచివారి యానాం వెళ్లారు. 1995లో మన రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చినప్పుడు ఏ దారి రద్దీగా మారినదో చెప్పనక్కరలేదు. నిషేధం ఎక్కడ ఆగుతుందో అక్కడ వ్యాపారం మొదలవుతుంది. కాకపోతే ఆనాడు దాటవలసిన కాలువ ఒకటి ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

ఇంతకూ ఈ ఆటలపై మన కోర్టులు, ప్రభుత్వాలు అరవై ఏళ్లుగా వేసుకుంటున్న ప్రశ్న ఏమిటి? ఇది నైపుణ్యమా, అదృష్టమా? ఆ ప్రశ్న పుట్టినది మన సికింద్రాబాదులోనే. 1963లో పోలీసులు అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై దాడి చేసి రమ్మీ ఆడుతున్న సభ్యులను పట్టుకున్నారు. ఫసలీ 1305 నాటి హైదరాబాదు జూద చట్టం కింద మేజిస్ట్రేటు శిక్ష వేశారు, హైకోర్టు కొట్టివేసినది, రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లినది. 1967 నవంబరు 22న సుప్రీంకోర్టు తీర్పు చెప్తూ, రమ్మీ మూడుముక్కలాట వంటిది కాదనీ, పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకోవడం, ఏది ఉంచుకోవలెనో ఏది పారవేయవలెనో తెలుసుకోవడం అందులో ఉన్నవనీ, కనుక అది ప్రధానంగా నైపుణ్యమైన ఆట అనీ తేల్చినది. ఇంటర్నెట్ రమ్మీ సంస్థలు అన్ని హైకోర్టులలోనూ ఈ తీర్పునే గొడుగుగా పట్టుకుని నిలిచినవి. 2021లో మద్రాసు హైకోర్టు తమిళనాడు సవరణను కొట్టివేసినా, 2023 నవంబరులో కొత్త చట్టాన్ని నిలబెడుతూనే రమ్మీని, పోకరును అదృష్టపు ఆటల పట్టిక నుంచి తొలగించినా, ఆ వాదానికి మూలం సికింద్రాబాదులోనే ఉన్నది.

కాని ఆ తీర్పులో రెండవ భాగం ఒకటి ఉన్నది. దానిని సంస్థలు తలచుకోవడం అరుదు. ఆట నడిపే ఇంటివాడు ఆ ఆట మీద లాభం గడిస్తున్నట్లు రుజువైతే నేరం నిలుస్తుందని కోర్టు అప్పుడే అన్నది. క్లబ్బు వసూలు చేసినది కూర్చున్నందుకు, పేక వాడుకున్నందుకు స్వల్ప రుసుము. అది లాభం కిందికి రాదని విడిచిపెట్టినది. ప్రతి పందెంలోంచి వాటా కోసుకుని, ఆ వాటాతో సినిమా తారల చేత ప్రకటనలు చేయించే సంస్థకు ఈ మినహాయింపు ఏ విధంగా వర్తిస్తుందో న్యాయకోవిదులే చెప్పవలెను.

ఇంతకన్నా పెద్ద విషయం మరొకటి ఉన్నది. ఆ తీర్పు బల్ల చుట్టూ కూర్చున్న మనుషులను చూసి చెప్పిన తీర్పు. బల్ల మీద పేక అందరి కళ్ల ఎదుట కలుస్తుంది. ఒకడు కలిపితే మరొకడు కోస్తాడు. అనుమానం వస్తే కొత్త పేక తెప్పించమనవచ్చును. ఎదుటివాని ముఖం చూడవచ్చును; వాడు మనిషి అని మాత్రం తెలిసే ఉంటుంది. ఈ రక్షణలు ఏ చట్టంలోనూ రాసి లేవు. రాయవలసిన అవసరం కలుగలేదు. ఫోను తెర మీద ఇవన్నీ ఒక్కసారిగా మాయమైనవి. పేక కలిపేవాడు, పంచేవాడు, తీర్పరి, డబ్బుపెట్టె కాపలాదారు, అందరూ ఒక్కరే. ఆ ఒక్కరూ కనిపించరు.

పందెగాడు అమాయకుడని అనుకోవడం పొరపాటు. ఈ విషయం అతనికి మొదటి నుంచీ తెలుసును. బొంబాయి మట్కా చరిత్ర చూడండి. తొలుత పందెం న్యూయార్కు పత్తి ధరల మీద నడిచేది. అక్కడి నుంచి టెలిప్రింటరులో వచ్చే ప్రారంభ, ముగింపు ధరల మీద. ఎందుకు? ఆ ధర బొంబాయి బుకీ చేతిలో లేదు గనుక. 1960ల ఆరంభంలో ఆ ధరలు రావడం ఆగిపోయిన తరువాతనే ముక్కలు తీసే పద్ధతి వచ్చినది. ఆ తీసేది కూడా పదిమంది ఎదుట జరగాలని పట్టుపట్టేవారు. రాయలసీమ పట్టణాలలో ఆ అంకెల కోసం రాత్రిళ్లు మేలుకున్నవారిని ఎరిగిన పాఠకులు ఉండే ఉంటారు. పుదుచ్చేరిలో పోలీసులు తరచు పట్టుకునే మూడంకెల లాటరీదీ అదే కథ. తమిళనాడు 2003లో లాటరీలను నిషేధించినది. చాటుమాటు వ్యాపారం మిగిలినది. కాని ఆ చాటు వ్యాపారి సైతం అంకె తానే వేయడు. కేరళ ప్రభుత్వ లాటరీ ఫలితంలో చివరి మూడంకెలను వాడుకుంటాడు. తన మాట ఎవరూ నమ్మరని వానికి తెలుసును. అక్రమ వ్యాపారానికి సర్కారు ముద్ర అరువు! చట్టాన్ని ధిక్కరించే వీధి జూదరికి ఉన్న ఈ పాటి సంకోచం, అద్దాల మేడలలోని సంస్థలకు అవసరం లేకపోయినది.

యంత్రం అబద్ధమాడదు కదా అని కొందరంటారు. యంత్రానికి అంకెలు నేర్పేది మనిషే. యాభై రెండు ముక్కల పేక ఎన్ని విధాలుగా కలియవచ్చునో లెక్క వేస్తే ఎనిమిది పక్కన అరవై ఏడు సున్నాలు వస్తవి. 1999లో ఇంటర్నెట్ పోకరు నడిపిన ఒక సంస్థ, తమ ఆట న్యాయమైనదని చూపడానికి పేక కలిపే సూత్రాన్ని తానే బయటపెట్టినది. అమెరికాలో కొందరు నిపుణులు దానిని పరిశీలించి చూడగా, అది గడియారంలోని మిల్లీసెకన్లను ఆధారం చేసుకుని ముక్కలు కలుపుతున్నట్లు తేలినది. రోజుకు మిల్లీసెకన్లు 8 కోట్ల 64 లక్షలే. కనుక పేకలూ అన్నే. గడియారం సరిచూసుకుంటే ఆ సంఖ్య రెండు లక్షలకు దిగుతుంది. తమ చేతిలోని ముక్కలు, బల్ల మీది ముక్కలు కొన్ని చూసి, ఎదుటివారందరి చేతిలో ఏమున్నదో క్షణంలో చెప్పగలిగారు. అక్కడ దుర్బుద్ధి లేదు, అజ్ఞానమే. దుర్బుద్ధి 2007లో అబ్సల్యూట్ పోకర్ అనే చోట బయటపడినది: లోపలివారు ఇతరుల ముక్కలను చూస్తూ ఆడారు. దానిని పట్టుకున్నది ఏ ప్రభుత్వమూ కాదు, ఆటగాళ్లు. సంస్థ పొరపాటున పంపిన ఒక ఫైలును పట్టుకుని లెక్కలు కట్టి నిగ్గు తేల్చారు. అమెరికాలో అనేక రాష్ట్రాల ఉమ్మడి లాటరీకి భద్రతాధికారిగా ఉన్న ఎడ్డీ టిప్టన్ అయితే ఏడాదిలో కొన్ని నిర్ణీత దినాలలో ఏ అంకెలు వస్తవో ముందే తెలిసేటట్లు యంత్రంలో రాసిపెట్టాడు. 2017లో అతనికి ఇరవై అయిదేళ్ల వరకు శిక్ష పడినది. కాపలాదారే కన్నం వేసిన కథ అది. గమనించవలసినదేమంటే, ఈ మూడు సందర్భాలలోనూ ఎవరో ఒకరు లోపలి లెక్కను తెరచి చూడగలిగారు.

మన దేశంలో ఎవరు చూశారు? 2020 ఆగస్టులో హైదరాబాదు పోలీసులు రంగులు చెప్పే పందెం ముఠాను పట్టుకున్నారు. కొద్ది నిమిషాలకు ఒకసారి ఒక రంగు వస్తుంది. ఏ రంగో ముందు చెప్పవలెను. సందేశాల గుంపులలో కబురు, రోజుకొక కొత్త చిరునామా. లావాదేవీలు వెయ్యి కోట్ల పైచిలుకు అని పోలీసులు చెప్పారు. నిర్వాహకులలో ఒక చైనా దేశీయుడు ఉన్నాడు. అయిదేళ్ల తరువాత, 2025 నవంబరులో, ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేటు విన్‌జో సంస్థ వ్యవస్థాపకులను అరెస్టు చేసినది. ఆడేవారికి తెలియకుండా మనుషుల స్థానంలో కంప్యూటరు బొమ్మలను ఎదురు కూర్చోబెట్టి డబ్బు గుంజినారన్నది ఆరోపణలలో ఒకటి. ఆరోపణ ఆరోపణే, న్యాయస్థానంలో తేలేవరకు దానిని నిజమని రాయడం తగదు. కాని ఆ ఆరోపణ చేయడానికి ప్రభుత్వానికి నిషేధం వచ్చేదాకా ఎందుకు పట్టినదన్న ప్రశ్న తగినదే. 2023 ఏప్రిల్‌లో కేంద్రం నియమాలు చేసి, ఏ ఆట యోగ్యమైనదో పరీక్షించే పని పరిశ్రమవారి స్వీయ నియంత్రణ సంఘాలకు అప్పగిస్తామన్నది. పిల్లి మెడలో గంట కట్టే పనిని పిల్లికే అప్పగించడం వంటిది. ఆ సంఘాలు చివరకు గుర్తింపు పొందనేలేదు. అదే సంవత్సరం అక్టోబరు 1 నుంచి మాత్రం పందెపు మొత్తం మీద నూటికి ఇరవై ఎనిమిది జి.ఎస్.టి. అమలులోకి వచ్చినది. తూకం రాళ్లను పరీక్షించడానికి తీరిక దొరకని సర్కారుకు, సంతలో పన్ను వసూలుకు మాత్రం తీరిక దొరికినది.

కౌటిల్యుడు ఈ విషయంలో మనకన్నా నిర్మొహమాటి. జూదం మంచిదని ఆయన అనలేదు. ద్యూతాధ్యక్షుడు ఒకచోటనే ఆడించవలెను, పాచికలు రాజ్యమే ఇవ్వవలెను, వాటిని మార్చినవానికి పన్నెండు పణాల జరిమానా, గెలుపులో నూటికి అయిదు రాజ్యానికి అన్నాడు. పన్ను తీసుకునేవాడే పాచికకు జవాబుదారీ. సభాపర్వంలో ధర్మరాజు అభ్యంతరం కూడా ఇటువంటిదే: పణం దుర్యోధనుడిది, పాచిక వేసేది శకుని, ఒకరి బదులు మరొకరు ఆడడం న్యాయం కాదని ఆయన అన్నాడు. అని కూడా ఆడాడు. ఆ తరువాతి భాగం తెలుగువారికి చెప్పనక్కరలేదు.

పాచిక నిజాయితీగా పడినంత మాత్రాన ఆట న్యాయమైనదని కూడా అనుకోరాదు. ఒక సున్న ఉన్న యూరోపు రూలెట్ చక్రం ఏ మోసమూ లేకుండా తిరిగినా వంద రూపాయల పందేనికి సగటున రెండు రూపాయల డెబ్బై పైసలు ఇంటివాడికి మిగులుతవి. రెండు సున్నలున్న అమెరికా చక్రం మీద అయిదు పావలా పైచిలుకు. చక్రం ఎదుట కూర్చున్నవాడు ఎంతసేపు ఆడితే అంత. ఫోను రాత్రింబవళ్లు తిరిగే చక్రం. తమిళనాడు 2025లో అర్ధరాత్రి నుంచి ఉదయం అయిదు వరకు ఆట మూయవలెనని నియమం పెట్టినదీ, హైకోర్టు దానిని సమర్థించినదీ ఇందుకే.

పుదుచ్చేరి జూదాన్ని సహించే ఊరని ఎవరూ అనుకోరాదు. 2022 జూన్‌లో చెన్నై నుంచి బయలుదేరి విశాఖపట్నం చూసుకుని వచ్చిన విహార నౌకలో జూదశాల ఉన్నదని పుదుచ్చేరిలో ఆందోళన జరిగినది. నాటి లెఫ్టినెంట్ గవర్నరు తమిళిసై సంస్కృతికి చేటు తెచ్చే దేనినీ అనుమతించబోమన్నారు. నౌక ప్రయాణికులను దించకుండానే వెనుదిరిగినది. సముద్రంలో కనిపించే ఓడను ఆపవచ్చును. జేబులోని ఓడను ఆపడానికే మరి మూడేళ్లు పట్టినది.

నిషేధం తప్పని నా వాదం కాదు. చట్టం వెలువడగానే పెద్ద సంస్థలు పందెపు ఆటలను కట్టిపెట్టినవి. చట్టం చెల్లుబాటుపై హైకోర్టులలో దాఖలైన పిటిషన్లను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తనకు బదిలీ చేసుకున్నది. రాష్ట్రాల అధికారంలోకి పార్లమెంటు చొరబడినదా అన్నది అక్కడ ప్రధాన వివాదాలలో ఒకటి. ఆ వాదం ఎటు తేలినా, పైన చెప్పిన కారణం చేత పుదుచ్చేరికి దానితో నిమిత్తం లేదు.

నా అభ్యంతరం వేరు. దుకాణం మూయించేటప్పుడు లెక్కల పుస్తకం స్వాధీనం చేసుకోవడం మనకు తెలిసిన పద్ధతి. దర్యాప్తు సంస్థలు దాడి చేసిన ఒకటి రెండు చోట్ల తప్పితే ఇక్కడ తలుపులు మాత్రమే మూసుకున్నవి. దేశంలో 45 కోట్ల మంది ఏటా సుమారు 20 వేల కోట్లు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వ అంచనా. భాగహారం చేస్తే మనిషికి 450 రూపాయలు కూడా రాదు. విల్లియనూరు గృహస్థు పోగొట్టుకున్న లక్షలు ఆ సగటులో కానరావు. ఎవరు ఎంత పోగొట్టుకున్నారో, ఎవరి చేతిలో పోగొట్టుకున్నారో చెప్పగలిగినది ఆ సంస్థల యంత్రాలలోని పాత లెక్క ఒక్కటే. ఆడిన ప్రతి ఆటలో ఏ ముక్క ఎవరికి ఎప్పుడు పంచబడినదో, ఎదుట కూర్చున్నది మనిషో యంత్రమో ఆ లెక్కలో ఉండవలెను. మూతపడిన వ్యాపారానికి పాత లెక్కలు భద్రపరచవలసిన తొందర ఏముంటుంది? ఈలోగా ఆడే అలవాటు పడినవాడు విదేశీ చిరునామాల వైపు తిరిగితే, అక్కడ అడగడానికి ఇక్కడి పోలీసు స్టేషను పాటి దిక్కు కూడా లేదు.

పుదుచ్చేరికి లోక్‌సభలో ఒక సభ్యుడు, రాజ్యసభలో ఒక సభ్యుడు ఉన్నారు. నక్షత్ర గుర్తు లేని ప్రశ్న ఒకటి వేయడానికి పార్టీ అనుమతి, పెద్ద బలగం అక్కరలేదు. 2020 నుంచి 2025 వరకు పందెపు ఆటలు నడిపిన సంస్థల వద్ద ఉన్న ఆట లెక్కలను భద్రపరచవలసినదిగా ఐటీ శాఖ ఏమైనా ఆదేశం ఇచ్చినదా, ఇచ్చి ఉంటే ఏ తేదీన, వాటిని పరీక్షించేది ఎవరు, నష్టపోయినవారి కుటుంబం కోరితే తమవాని లెక్కను వారికి చూపుతారా? మంత్రిగారి జవాబు రెండు వాక్యాలలో వచ్చినా చాలును.